మాటని గెలతో దింపుకోండి

(అమలాపురంలో ఇంటర్, డిగ్రీ విద్యార్థుల ఎదుట ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. దాదాపు ఆయన మాటల్లోనే.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందాండి? ఆయ్, సంతోషం.

పొద్దున్న నరసాపురం రేవులో పంటు ఎక్కాను. గోదావరి వశిష్ఠ పాయ దాటి సఖినేటిపల్లిలో దిగి, రాజోలు మీదుగా బస్సులో ఇక్కడికి వచ్చాను. పంటు మీద నా పక్కన ఒక ఇంటర్ కుర్రాడు నిలబడ్డాడు. చేతిలో చిన్న పుస్తకం, పెదాలు కదులుతున్నాయి. ఏం చదువుతున్నావు బాబూ అని అడిగితే, "ఒకాబులరీ అండి, రోజుకి ఇరవై మాటలు" అన్నాడు. తీసుకుని చూశాను. ఎడం పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగు అర్థం. పేజీ నిండా అంతే. నిన్నటి ఇరవైలో గుర్తున్నవి చెప్పమన్నాను. నాలుగు చెప్పాడు. పోయిన వారానివి అడిగాను. నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయాడు.

ఆ పిల్లాడి శ్రద్ధలో లోపం లేదు. అలా చదవమని చెప్పినవాళ్ళం మనమే. నేను కూడా లంక గ్రామాల బడుల్లో మొదటి పదేళ్ళు అలాగే చెప్పాను. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థం లేని అక్షరాల ముక్కల్ని బట్టీ పట్టి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నానో తన మీద తనే పరీక్షలు చేసుకుని 1885లో ప్రచురించాడు. మరుపు మొదట్లోనే వేగంగా వస్తుందనీ, తర్వాత నెమ్మదిస్తుందనీ తేల్చాడు. ఆయన అర్థం లేని ముక్కల్ని కావాలనే ఎంచుకున్నాడు, దేనితోనూ ముడి పడకూడదని. మన పిల్లలు అర్థమున్న మాటల్ని కూడా ఆ ముక్కల్లాగే చదువుతున్నారు, దేనితోనూ ముడి పెట్టకుండా. నాకు బాధ అక్కడే.

నేను ఆ కుర్రాణ్ణి ఇంకోటి అడిగాను. మనం నిలబడ్డ దీన్ని ఏమంటారు? పంటు అన్నాడు. అది ఏ భాష మాట? తెలుగే కదండీ అన్నాడు. ఇంగ్లీషులో 'పంట్' అంటే అడుగు చదునుగా ఉండే పడవ. మన పంటు అక్కణ్ణించి వచ్చిందనే నా నమ్మకం. రోజూ రెండు పూటలా కాళ్ళకింద ఉన్న మాట అది. దాన్ని వదిలేసి పుస్తకంలో 'ఎ' నించి మొదలుపెట్టాడు.

మన డెల్టాలో ఇలాంటి నామవాచకాలు ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా చూశారా? కాలువ గట్టున పుట్టిన ప్రతివాడికీ లాకులు తెలుసు. లాకు సూపర్నెంటు ఇల్లు తెలుసు, స్లూయిజు తెలుసు, రెగ్యులేటరు తెలుసు. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ఆనకట్టతో పాటు ఈ మాటలు కూడా కాలువల్లో పారాయి. ఆనకట్ట అనే మాట మాత్రం అటు నించి ఇటు రాలేదు, ఇటు నించి అటు వెళ్ళింది. అరవంలో అణైకట్టు, మనకి ఆనకట్ట, ఇంగ్లీషు వాళ్ళ నిఘంటువుల్లో 'ఆనికట్'. మన పందికొక్కు కూడా వెళ్ళింది. ఇంగ్లీషులో 'బాండికూట్' అనే మాట తెలుగు పందికొక్కే. తర్వాత ఆస్ట్రేలియాలో దానికి సంబంధం లేని వేరే జంతువు కనబడితే దానికీ అదే పేరు పెట్టారు. మీ ధాన్యం గాదె కింద కన్నం పెట్టే జీవి పేరు అంత దూరం వెళ్ళింది.

పి.గన్నవరం వాళ్ళు ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి. చాలామందే ఉన్నారు. మీ ఊరి దగ్గర అక్విడక్టు ఉంది కదా. కింద గోదావరి వైనతేయ పాయ, పైన కాలువ. ఆ మాటని ఎప్పుడైనా విప్పి చూశారా? లాటిన్‌లో 'ఆక్వా' అంటే నీరు, 'డక్' అంటే నడిపించడం. నీటిని నడిపించేది అక్విడక్టు. ఆ ఆక్వాయే మీ రొయ్యల చెరువుల ఆక్వా. 'అక్వేరియం'లోదీ అదే. ఇక రెండో ముక్క. 'కండక్టర్' అంటే బస్సుని నడిపించేవాడు, కరెంటుని నడిపించే తీగ కూడా. 'ఇంట్రడ్యూస్' అంటే లోపలికి తీసుకురావడం, 'రిడ్యూస్' అంటే వెనక్కి తీసుకుపోవడం, తగ్గించడం. తీగ లాగితే డొంకంతా కదిలిందంటారు చూడండి, అదే ఇది. ఒక్క వంతెన పేరు లాగితే పది మాటలు కదిలాయి.

నేను ఈ సాయంత్రం చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. దింపు తీసేవాడు కొబ్బరిచెట్టెక్కి ఒక్కో కాయా కోసుకుని కిందికీ పైకీ తిరగడు. గెల కోస్తాడు. మాటని కూడా గెలతో దింపుకోండి. ఒక్క కాయ దొర్లిపోతుంది. గెల దొర్లదు.

గెల అంటే ఏమిటో తెలుగులోనే చూద్దాం. మనకి జ్వరం వస్తుంది. చలి వేస్తుంది. నిద్ర పడుతుంది. దెబ్బ తగులుతుంది. వాన కురుస్తుంది. "నాకు నిద్ర వేసింది" అని ఎవరన్నా అంటారా? "చలి పట్టింది" అంటే ఇంకో అర్థం వస్తుంది. ప్రతి నామవాచకానికీ తనతో నడిచే క్రియ ఒకటి ఉంటుంది. మీకది ఎవరూ చెప్పలేదు, ఉగ్గుపాలతో వచ్చింది. ఇంగ్లీషులో కూడా అంతే. 'డెసిషన్' అంటే నిర్ణయం అని రాసుకుని ఊరుకుంటే అది ఒంటి కాయ. 'మేక్ ఎ డెసిషన్' అని రాసుకోవాలి. 'హోమ్‌వర్క్' పక్కన 'డూ', 'అటెన్షన్' పక్కన 'పే', 'కోల్డ్' పక్కన 'క్యాచ్'. జలుబు మనకి చేస్తుంది, వాళ్ళు దాన్ని పట్టుకుంటారు. వానకి 'బిగ్' కుదరదు, 'హెవీ రెయిన్' అనాలి. టీకి 'హెవీ' కుదరదు, 'స్ట్రాంగ్ టీ'.

నామవాచకాల్లో మనవాళ్ళు తడబడే చోటు ఇంకోటుంది, దానికి కారణం తెలుగే. మనకి నీళ్ళు బహువచనం. పాలు బహువచనం. వడ్లు, పెసలు, మినుములు అన్నీ బహువచనాలే. "నీళ్ళు వచ్చాయి, పాలు విరిగాయి, వడ్లు తడిశాయి" అంటాం. ఇంగ్లీషులో 'వాటర్', 'మిల్క్', 'ప్యాడీ' మూడూ ఏకవచనంలోనే నడుస్తాయి. ఆ అలవాటుకొద్దీ మనం 'ఫర్నిచర్స్', 'అడ్వైజెస్', 'ఇన్ఫర్మేషన్స్', 'లగేజెస్' అనేస్తాం. అవి తప్పు. లెక్కపెట్టాలంటే కొలత కావాలి. బస్తా వడ్లు, గ్లాసు పాలు అన్నట్టే 'ఎ బ్యాగ్ ఆఫ్ ప్యాడీ', 'ఎ గ్లాస్ ఆఫ్ మిల్క్', అలాగే 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్'. రావులపాలెం అరటి మార్కెట్టుకి వెళ్ళి చూడండి, గెల ఉంటుంది, గెలలో హస్తాలు ఉంటాయి. ఇంగ్లీషు వాళ్ళు కూడా 'బంచ్' అంటారు, అందులో 'హ్యాండ్' అంటారు, హస్తంలో ఒక్కో పండుని 'ఫింగర్' అంటారు. చూశారా, రెండు భాషలకీ ఆ పండు చెయ్యిలాగే కనబడింది.

సరే. ఇప్పుడు అందరూ భయపడేదాని దగ్గరికి వద్దాం. ఫ్రేజల్ వెర్బ్స్. 'గివ్' తెలుసు, 'అప్' తెలుసు, 'గివ్ అప్' తెలియదు. 'పుట్' తెలుసు, 'ఆఫ్' తెలుసు, 'పుట్ ఆఫ్' అంటే వాయిదా వేయడం ఎలా అయిందో తెలియదు. ఈ కష్టం మన ఒక్కళ్ళదే కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలో ఈ సంగతే రాశాడు. క్రియ వెనక చిన్న ముక్క చేర్చి అర్థం మార్చే పద్ధతి ఇంగ్లీషులో మరీ ఎక్కువనీ, పరాయి దేశాలవాళ్ళకి అన్నిటికంటే పెద్ద చిక్కు ఇక్కడే వస్తుందనీ చెప్పాడు.

కానీ జాన్సన్‌కి తెలుగు రాదు. వచ్చి ఉంటే తెలుగువాళ్ళకి ఇది కొత్త కాదని తెలిసేది. ఎందుకు కొత్త కాదో జాగ్రత్తగా వినండి.

బట్టలు ఎండాయి. చెరువు ఎండిపోయింది. ఈ రెండిటికీ తేడా ఏమిటి? రెండో దాంట్లో 'పోవు' అనే క్రియ తోకలా వచ్చి చేరింది. చెరువు ఎక్కడికీ పోలేదు. ఆ 'పోయింది'కి అక్కడ వెళ్ళడమనే అర్థం లేదు, చుక్క మిగలలేదు అని అర్థం. ఇంగ్లీషులో 'డ్రై' అంటే ఎండడం, 'డ్రై అప్' అంటే ఎండిపోవడం. ఆ 'అప్' ఎక్కడికీ ఎక్కలేదు, మన 'పోయింది' ఎక్కడికీ వెళ్ళనట్టే. తిను, తినేయ్. 'ఈట్', 'ఈట్ అప్'. వాడాం, వాడేశాం. 'యూజ్డ్', 'యూజ్డ్ అప్'. మనం పని పూర్తయిందని చెప్పడానికి 'పోవు', 'వేయు' తగిలిస్తాం, వాళ్ళు 'అప్', 'అవుట్', 'డౌన్' తగిలిస్తారు. దీపం ఆరిపోయింది, 'వెంట్ అవుట్'. డీజిల్ అయిపోయింది, 'రాన్ అవుట్'. ఇల్లు కాలిపోయింది, 'బర్న్‌డ్ డౌన్'. బస్సు చెడిపోయింది, 'బ్రోక్ డౌన్'. విడిపోయారు, 'బ్రోక్ అప్'. మానేశాడు, 'గేవ్ అప్'.

మీరు అడగచ్చు, మాస్టారూ, 'గివ్ అప్'లో ఇవ్వడమూ లేదు, పైకి ఎక్కడమూ లేదు, మరి అర్థం ఎలా పుట్టింది అని. కొట్టేయడం అనే మాట చూడండి. జాబితాలో పేరు కొట్టేశారు. రైల్లో జేబు కొట్టేశారు. కోర్టులో కేసు కొట్టేశారు. మూడిట్లోనూ ఎవరినీ కొట్టలేదు. మూడు అర్థాలూ మీకు తెలుసు, ఏ పుస్తకంలోనూ బట్టీ పట్టలేదు. ఎలా తెలిశాయి? పేరుతో, జేబుతో, కేసుతో కలిపి విన్నారు కాబట్టి. గెలగా దిగాయి. 'గివ్ అప్' కూడా 'స్మోకింగ్'తో, 'హోప్'తో, బస్సులో పెద్దవాళ్ళకి వదిలిచ్చే 'సీట్'తో కలిపి దింపుకుంటే అలాగే దిగుతుంది.

మూడు ముక్కలవి ఉంటాయి, 'పుట్ అప్ విత్' లాంటివి. పిల్లలు వాటిని చూసి మరీ హడలిపోతారు. సర్దుకుపోవడం అనే మాట విప్పండి. సర్దు, కొను, పోవు. మూడు ముక్కలు. ఇందులో కొనడం లేదు, పోవడం లేదు. అత్తారింట్లో సర్దుకుపోవాలి అని అమ్మమ్మలు చెప్పే ఆ మాటకి దగ్గరి ఇంగ్లీషు 'పుట్ అప్ విత్'. మూడుకి మూడు.

మా శిష్యుడొకడు దుబాయ్‌లో వర్క్‌షాపులో పనికి కుదిరాడు. చేరిన మొదటి వారం ఫోర్‌మన్ వచ్చి "నాక్ ఆఫ్ ఎట్ ఫైవ్" అని వెళ్ళిపోయాడట. 'నాక్' అంటే కొట్టడం అని నేనే చెప్పాను వాడికి, ఎనిమిదో తరగతిలో. అయిదింటికి ఏం కొట్టాలో, ఎక్కడ కొట్టాలో తెలియక సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. తోటివాళ్ళంతా చేతులు కడుక్కుని బయల్దేరుతున్నారు. 'నాక్ ఆఫ్' అంటే పని కట్టేయడం. సెలవుకి వచ్చినప్పుడు ఇంటికొచ్చి చెప్పాడు. చిన్నబుచ్చుకోలేదు గానీ, "మాస్టారూ, మీరు కొట్టడం చెప్పారు, కట్టేయడం చెప్పలేదు" అన్నాడు. ఆ మాట ఇవాళ్టికీ నాలో ఉంది. నా దగ్గర చదివిన పిల్లల్లో గల్ఫ్ వెళ్ళినవాళ్ళు చాలామంది. వాళ్ళకి అక్కడ పెద్ద పెద్ద మాటలతో పని పడలేదు. 'హోల్డ్ ఆన్', 'హ్యాండ్ ఓవర్', 'ఫిల్ ఇన్', 'సెండ్ బ్యాక్' లాంటి చిన్న మాటలతో పని పడింది.

వెనకొచ్చే ఆ చిన్న ముక్కల్ని విడిగా కూడా గమనించండి. 'ఆఫ్' వచ్చిందంటే చాలాసార్లు తెగడం, విడిపడడం ఉంటుంది. వరదల్లో లంకలకి దారి తెగిపోతే 'కట్ ఆఫ్'. ఇంటి నించి బయల్దేరితే 'సెట్ ఆఫ్'. సభ రద్దయితే 'కాల్డ్ ఆఫ్'. 'ఆన్' వస్తే కొనసాగడం: 'క్యారీ ఆన్', 'గో ఆన్', 'కీప్ ఆన్'. 'అవుట్' రెండు దారుల్లో పోతుంది. ఒకటి ఆరిపోవడం, తుడిచిపెట్టుకుపోవడం. రెండోది బయటపడడం: 'ఫైండ్ అవుట్', 'పాయింట్ అవుట్', 'లీక్ అవుట్'. ఇది సూత్రం కాదు, దారి చూపించే గుర్తు మాత్రమే. పది మాటల్లో ఆరింటికి పనికొస్తుంది, మిగతావి వాడుకలో నేర్చుకోవలసిందే.

తుడిచిపెట్టుకుపోవడం అన్నాను కదా. కోరంగి పేరు విన్నారా? కాకినాడ దగ్గర, ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 నవంబరు తుఫాను, ఉప్పెనా ఆ రేవుని తుడిచిపెట్టేశాయి. 'వైప్డ్ అవుట్'. రెండు భాషల్లోనూ తుడవడమే. ఆ తర్వాత పదేళ్ళు తిరక్కుండానే, 1848లో, కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన బంగాళాఖాతపు తుఫానుల్ని లెక్కగట్టి చదివి, వాటికి 'సైక్లోన్' అని పేరు పెట్టాడు. చుట్ట చుట్టుకున్న పాముని తలపించే గ్రీకు మాట నించి తీసుకున్నాడు. 1996 నవంబరులో మన కోనసీమ మీదికి వచ్చిందే ఆ చుట్ట. మీరు పుట్టకముందు సంగతి, మీ అమ్మానాన్నల్ని అడగండి. వాళ్ళు చెప్పేదాన్ని ఇంగ్లీషులో రాయండి. చెట్లు 'బ్లోన్ డౌన్', పైకప్పులు 'బ్లోన్ ఆఫ్', కరెంటు 'కట్ ఆఫ్', మనుషులు 'స్వెప్ట్ అవే'. ఆ ఒక్క రాత్రిలో ఎన్ని ఫ్రేజల్ వెర్బ్స్ ఉన్నాయో మీకే తెలుస్తుంది. అలా రాసిన మాటని మీరు మరిచిపోలేరు.

ఒక వ్యాకరణం ముక్క చెప్పి ఇది ముగిస్తాను. రొయ్యల చెరువు దగ్గర ఏరియేటర్ మోటారు ఆపాలి. 'టర్న్ ఆఫ్ ద మోటార్' అనచ్చు. 'టర్న్ ద మోటార్ ఆఫ్' అనచ్చు. మోటారు బదులు 'ఇట్' పెడితే మాత్రం అది మధ్యలోకే రావాలి. 'టర్న్ ఇట్ ఆఫ్'. 'టర్న్ ఆఫ్ ఇట్' అనకూడదు. అన్నీ ఇలా విడిపోవు. 'లుక్ ఆఫ్టర్' విడిపోదు, 'లుక్ ఆఫ్టర్ ఇట్' అనే అనాలి. ఏది విడిపోతుందో ఏది విడిపోదో మీ నిఘంటువే చూపిస్తుంది, చూసే అలవాటు చేసుకోండి.

ఇంకో సంగతి. ఫ్రేజల్ వెర్బ్స్ మాకు రావు అనకండి. మీ ఇంట్లో రోజూ వాడుతున్నారు, నామవాచకాలుగా. చెకప్‌కి వెళ్ళాం. లాకప్‌లో పెట్టారు. కటాఫ్ మార్కు ఎంత? పొలం లేఅవుట్ వేసేశారు. సెండాఫ్ పార్టీ. డ్రాపౌట్లు. మేకప్. బ్యాకప్. ఇవన్నీ రెండు ముక్కల క్రియలు ఒక్క ముక్కగా గట్టిపడి నామవాచకాలైనవి. వెనక్కి విప్పండి. 'డ్రాప్ అవుట్' అంటే మధ్యలో మానేయడం, 'లే అవుట్' అంటే పరిచి ప్రణాళికగా వేయడం. 'మేక్ అప్' విప్పితే ఎన్ని వస్తాయో చూడండి. కథ అల్లడం ఒకటి, పోట్లాడుకున్నవాళ్ళు మళ్ళీ కలిసిపోవడం ఒకటి, పోయిన క్లాసులు పూడ్చుకోవడం ఒకటి. ఒక్క జాగ్రత్త. తెలుగులోకి వచ్చాక కొన్నిటి అర్థం మారింది. మనకి బిల్డప్ ఇవ్వడం అంటే గొప్పలు పోవడం, వాళ్ళకి 'బిల్డప్' అంటే కొద్దికొద్దిగా పేరుకోవడం. 'పాస్ అవుట్' కూడా చూసుకోండి. చదువు పూర్తయిందని మనం అంటాం, వాళ్ళకి చాలాచోట్ల అది స్పృహ తప్పి పడిపోవడం. పై దేశం ఇంటర్వ్యూల్లో 'గ్రాడ్యుయేటెడ్' అనండి.

ఇక జాతీయాలు, ఇడియమ్స్. ఇంగ్లాండు ఉన్నది దీవి మీద. వాళ్ళ బతుకులో ఓడలెక్కువ, అందుకే వాళ్ళ జాతీయాల్లో నీళ్ళెక్కువ. 'లెర్న్ ద రోప్స్' అంటే పనిలో మెళకువలు నేర్చుకోవడం. తెరచాపల ఓడలో ఏ తాడు దేనికో తెలిస్తేనే వాడు నావికుడు. 'హై అండ్ డ్రై' అంటే దిక్కులేకుండా వదిలేయడం. పాటు తీసినప్పుడు ఇసుక మీద ఇరుక్కున్న పడవ అది. అంతర్వేది వాళ్ళకి ఇది నేను చెప్పాలా? పోటూ పాటూ చూస్తూ పెరిగారు. కష్టసుఖాల్ని మనం ఆటుపోట్లు అంటాం, వాళ్ళు 'ఎబ్ అండ్ ఫ్లో' అంటారు. ఏటికి ఎదురీదడం, 'స్విమ్ అగైన్‌స్ట్ ద టైడ్'. కాటన్ బ్యారేజీకి 175 గేట్లున్నాయి. అవన్నీ ఎత్తిన రోజు చూసినవాడికి 'ఓపెన్ ద ఫ్లడ్‌గేట్స్' అంటే ఒక్కసారిగా అదుపు లేకుండా వెల్లువెత్తడమని వేరే చెప్పక్కర్లేదు. మంచుకొండల జాతీయాలు మీకు దూరం కావచ్చు. నీళ్ళవి మీ సొంతం. వాటితో మొదలుపెట్టండి.

అయితే బొమ్మ ఒకటే అయినంత మాత్రాన అర్థం ఒకటే అనుకోకండి. 'బర్న్ యువర్ బోట్స్' అనే జాతీయం చూసి మా క్లాసులో ఒకమ్మాయి వెంటనే "ఏరు దాటి తెప్ప తగలేయడం" అంది. రెండిట్లోనూ పడవ తగలబడింది. కానీ మనది కృతఘ్నత. దాటించినదాన్నే తగలేశాడని. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నామే, అదీ అదే జాతి. వాళ్ళది తెగింపు. వెనక్కి రావడానికి దారి లేకుండా చేసుకుని ముందుకే వెళ్ళడం. మనం తిట్టేచోట వాళ్ళు మెచ్చుకోవచ్చు. అలాగే బొమ్మ వేరైనా అర్థం కలిసేవి ఉంటాయి. 'క్యారీయింగ్ కోల్స్ టు న్యూకాసిల్' అంటారు. న్యూకాసిల్ బొగ్గు ఎగుమతి చేసిన ఊరు. అక్కడికి బొగ్గు మోసుకెళ్ళడమంటే కోనసీమకి కొబ్బరికాయలు మోసుకొచ్చినట్టు. బొమ్మా అర్థమూ రెండూ కలిసేవీ ఉన్నాయి. 'బీట్ అబౌట్ ద బుష్', డొంకతిరుగుడు మాట. అక్కడ పొద, ఇక్కడ డొంక.

జాతీయం ఎక్కడ వాడకూడదో తెలియడం, ఎక్కడ వాడాలో తెలియడం కంటే ముఖ్యం. ఒక పిల్లవాడు సెలవు చీటీలో "మై గ్రాండ్‌ఫాదర్ కిక్‌డ్ ద బకెట్" అని రాసి తెచ్చాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి, రాత్రంతా ఏడ్చాడు. చనిపోవడానికి ఇంగ్లీషు జాతీయం అని ఎక్కడో జాబితాలో చదివాడు, మంచి ఇంగ్లీషు రాయాలనుకున్నాడు. మీ తాతగారు బాల్చీ తన్నేశారు అని ఎవరన్నా అంటే నీకెలా ఉంటుంది నాయనా అని అడిగాను. చీటీ తీసుకుని చింపేశాడు. 'పాస్డ్ అవే' అని రాసుకొచ్చాడు. అదీ ఫ్రేజల్ వెర్బే, కాలం చేశారు అన్నంత మర్యాదగా ఉంటుంది. ఆ జాబితాలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి, అర్థం ఒకటే అని ఉంది. మర్యాద సంగతి మాత్రం ఎవరూ రాయలేదు.

సి.పి. బ్రౌన్ దొర మన గోదావరి ఒడ్డునే, రాజమండ్రిలో, జడ్జీగా పనిచేశాడు. ఆయనకి తెలుగు పరాయి భాష. 1852లో వచ్చిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెరిచి ఏదైనా చిన్న క్రియ దగ్గర ఆగండి. పట్టు, పోవు, వేయు. మాటకి అర్థం ఒక్కటి చెప్పి ఊరుకోలేదు. దాంతో జనం ఏమేం అంటున్నారో వాక్యాలు వాక్యాలుగా ఇచ్చాడు. మన భాషని ఆయన గెలతోనే దింపుకున్నాడు. మనం ఆయన భాషని అలా ఎందుకు దింపుకోకూడదు?

ఎన్ని మాటలు రావాలి అని అడుగుతారు. బెంగాల్‌లో పిల్లలకి ఇంగ్లీషు చెప్పిన మైకేల్ వెస్ట్ 1953లో సుమారు రెండు వేల మూల పదాల పట్టిక ప్రచురించాడు, ఎక్కువగా వాడుకలో ఉన్నవి ఏరి. పేపరు, నవల నిఘంటువు లేకుండా చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పద కుటుంబాలు, అంటే ఒక మూల మాటా దాన్నించి పుట్టినవీ కలిపి ఒక కుటుంబం, కావాలని న్యూజిలాండ్ ఆచార్యుడు పాల్ నేషన్ లెక్క. భయపడకండి. కుటుంబాలు అన్నాడు చూడండి. అదే గెల.

ఒక నోటు పుస్తకం పెట్టండి. పేజీకి ఒక్క మాట. ఇవాళ రాత్రి 'వాటర్' రాయండి. మొక్కలకి నీళ్ళు పోయడం, 'వాటర్ ద ప్లాంట్స్'. నోరూరడం, 'మౌత్ వాటర్స్'. పాలలో నీళ్ళు కలిపినట్టు దేన్నైనా పలచన చేయడం, 'వాటర్ డౌన్'. చిల్లు కుండలాంటి వాదన, 'డజంట్ హోల్డ్ వాటర్'. దిగేముందు లోతు చూసుకోవడం, 'టెస్ట్ ద వాటర్స్'. ఒక్కోదాని కింద మీ ఇంటి గురించో, మీ వీధి గురించో ఒక వాక్యం. పుస్తకంలో వాక్యం ఎత్తి రాయకండి, మీది రాయండి. మర్నాడు ఒకసారి, మూడు రోజులకి ఒకసారి, వారానికి, నెలకి, ఆ పేజీ మూసి చెప్పుకోండి. మరుపు మొదట్లో వేగంగా వస్తుందన్నాను కదా, అందుకే మొదట్లో దగ్గరదగ్గరగా చూడాలి. రోజుకి ఇరవై వద్దు. ఒక్క గెల చాలు.

ఏమైనా అడుగుతారా? ఆ మూల అమ్మాయి చెయ్యెత్తింది. చెప్పమ్మా.

(విద్యార్థిని: "మాస్టారూ, మా అమ్మ ఎవరడిగినా 'ఏదో నెట్టుకొస్తున్నామండి' అంటుంది. దాన్ని ఇంగ్లీషులో ఏమంటారండి?")

మంచి మాట అడిగావు. నెట్టు, కొను, వచ్చు. మూడు ముక్కలు. బతుకుని బండిలా వెనక నించి నెట్టుకుంటూ రావడం. ఇంగ్లీషులో 'గెట్ బై' అంటారు. 'వి ఆర్ గెటింగ్ బై'. అప్పుల్లో ఉండి కూడా మునక్కుండా ఉన్నామని చెప్పాలంటే 'కీపింగ్ అవర్ హెడ్స్ అబౌ వాటర్', తల నీళ్ళ పైన ఉంచుకుంటున్నాం అని. అది వాటర్ పేజీలో రాసుకో. 'గెట్ బై'కి కొత్త పేజీ తియ్యి. పైన మీ అమ్మ అన్న మాట తెలుగులోనే రాయి, దాని కింద ఇంగ్లీషు రాయి.